పిలుపు అందుకున్నవాళ్ళు

ఎన్సుటెం,
ఎడారి గాలి మొదలైన వారం

మావారు యావ్ బడూ గారికి,

మీ అఫ్రకోమా రాస్తున్నాను. నాలుగో క్లాసుతో బడి మానేసినదాన్ని, అక్షరాలు వంకరగా ఉంటే నవ్వకండి. బస్సు డ్రైవరు తాహిరు అన్న రేపు పొద్దున కుమాసి వెళ్తున్నాడు. ఈ ఉత్తరమూ, ఎండు నత్తల మూటా ఆయన చేతికి ఇస్తున్నాను. నత్తలు మీరొక్కరే తినేయకుండా స్టేషన్‌లో అందరికీ పెట్టండి. నేనే ఏరి, నేనే పొయ్యి మీద పొగపెట్టి ఎండబెట్టాను.

పెళ్ళయ్యాక మీరు ఇంట్లో ఉన్న ఆ కొద్ది రోజులూ నేను మీతో సరిగ్గా మాట్లాడలేదు. ఏదైనా అడిగితే తల వంచుకుని ఊ అనేదాన్ని. ఈ పిల్లకి నోరు లేదా అని మీరు అత్తని అడగడం పొయ్యి దగ్గరి నుంచి విన్నాను. ఉంది. కాగితం ముందు కూర్చుంటే వస్తుంది.

కోకో కాయలు కొట్టడం అయిపోయింది. గింజలు చాపల మీద ఎండుతున్నాయి. రోజూ వాటిని కలియబెడుతూ మీ ముఖం గుర్తు తెచ్చుకుంటాను. ఇదివరకు మొత్తం ముఖం ఒకేసారి వచ్చేది. ఇప్పుడు కనుబొమలు వస్తే నోరు రావడం లేదు, నోరు వస్తే కనుబొమలు రావడం లేదు. నాకు భయంగా ఉంది. సిగ్గుతో మిమ్మల్ని తలెత్తి చూడకపోవడం వల్లే ఇలా అయింది. ఇంట్లో మీ ఫొటో బడి పిల్లల వరసలోది ఒక్కటే ఉంది, అందులో కూడా మీరు పక్కవాడితో మాట్లాడుతున్నారు.

ఒక ఫొటో పంపండి. క్వార్టర్స్‌లో గది ఎప్పుడు ఇస్తారో కూడా రాయండి. అత్త అడగమంది అని రాద్దామనుకున్నాను, కానీ అడుగుతున్నది నేనే.

మీ
అఫ్రకోమా


కుమాసి, ఫైర్ స్టేషన్,
డిసెంబరు

అఫ్రకోమాకి,

నీకు నోరుందని తెలిసి సంతోషం. నత్తలు స్టేషన్‌లో అందరూ తిన్నారు. మా ఆఫీసరు రెండుసార్లు పెట్టించుకుని, ఇలా వండే మనిషిని ఊళ్ళో వదిలేసి వచ్చినవాడికి బుద్ధి ఉందా అన్నాడు. గది ఈస్టరు తర్వాత ఇస్తాడట. పైకప్పు కారుతోంది, ముందు అది బాగుచేయాలి.

ఫొటో అడిగావు, మంచి సమయంలో అడిగావు. ఇక్కడ అసాబీ బజారు పక్కన అంపాంసా గారని ఒక ఫొటోగ్రాఫరు ఉన్నాడు. పోయిన నెల ఆయన స్టూడియో అంటుకుంది. కెమెరాలు, తెరలు, కుర్చీలు అన్నీ కాలిపోయాయి. ఆయన మాత్రం నెగెటివ్‌ల డబ్బా, నెగెటివ్‌ల డబ్బా అని ఏడుస్తున్నాడు. మా లమీన్ లోపలికి పోయి దాన్ని గుండెకు హత్తుకుని తెచ్చాడు. అందులో ఈ ఊళ్ళో సగం మంది ముఖాలున్నాయట, వాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరట. ఆ రోజు నుంచి ఆయన మమ్మల్ని వదలడు. ఎవరిదో పాత కెమెరా తెచ్చుకున్నాడు, గంట మోగితే మాతో పాటు లారీ ఎక్కేస్తాడు. పొట్ట పెద్దది, నిచ్చెన పట్టుకుని వేలాడుతుంటే మాకే భయం.

ఆయన పట్టుదలకి కారణం ఉంది. బజారులో నీటి గొట్టం మీద ఎవరో కొట్టు కట్టుకున్నారు. లారీలో ఉన్న నీళ్ళు అయిపోయాక నింపుకోడానికి చోటు లేదు. మంటలు ఎగుస్తుంటే చూసేవాళ్ళకి అదంతా ఎందుకు? నీళ్ళు లేకుండా వచ్చారా, ఉమ్మి ఆర్పుతారా, నిద్ర లేచి ముఖాలు కడుక్కుని వచ్చారా అని తిడతారు. కిందటిసారి టమాటాల సందులో రాళ్ళు కూడా వేశారు. అంపాంసా గారు అది చూసి, మీరు పని చేసేటప్పుడు ఎవడూ మిమ్మల్ని చూడడం లేదు, మంటనే చూస్తున్నాడు, నేను చూపిస్తాను అన్నాడు.

ఆయన తీసిందే ఈ ఫొటో. గొట్టం పట్టుకున్నది నేనే.

యావ్


ఎన్సుటెం,
జనవరి

మావారికి,

ఫొటో అందింది. మంట బాగా పడింది. గొట్టం బాగా పడింది. మీ వీపు కూడా బాగా పడింది.

అత్తకి చూపిస్తే, వీడి వీపు నాకెందుకు, నా వీపు మీద వీణ్ణి మోసినదాన్ని నేను అంది. అయినా కొంగుతో తుడిచి చాలాసేపు పట్టుకుని కూర్చుంది. వాగు దగ్గర ఆడవాళ్ళకి ఎలా తెలిసిందో తెలిసిపోయింది. అఫ్రకోమా ఒక వీపుని పెళ్ళాడింది, రాత్రిపూట అటు తిరిగి పడుకుంటాడు కాబట్టి అదొక్కటే గుర్తుంటుందిలే అని ఒకటే నవ్వులు. నేను బిందె ఎత్తుకుని వచ్చేశాను. దారిలో నాకూ నవ్వొచ్చింది.

హెల్మెట్ ఉన్నా, ఆ పెద్ద కోటు ఉన్నా అది మీరేనని నాకు తెలుస్తోంది. ఎడమ మడమ కొంచెం పైకెత్తి నిలబడ్డారు. మన పెళ్ళిలో పెద్దలు మాట్లాడుతున్నంతసేపూ అలాగే నిలబడ్డారు. తల వంచుకుని ఉన్నాను కదా, నేను బాగా చూసింది మీ పాదాల్నే.

నిప్పుకి అంత దగ్గరగా ఉంటారని నాకు తెలియదు. దూరం నుంచి నీళ్ళు కొడతారనుకున్నాను. ఆ ఫొటో చూసినప్పటి నుంచి పొయ్యి ఊదేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాను.

ఈసారి ముఖం పంపండి.

అఫ్రకోమా


కుమాసి,
ఫిబ్రవరి

అఫ్రకోమాకి,

వేలికి గోరుచుట్టు లేచింది, అందుకని అంపాంసా గారి చేత రాయిస్తున్నాను. అక్షరాలు వేరుగా ఉన్నాయని కంగారుపడకు.

ఈ ఎండల్లో పని ఎక్కువగా ఉంది. బట్టల సందు కాలింది. అందరూ బయటపడ్డారు. దీంతో రెండు ఫొటోలు పంపుతున్నాను.

గది గురించి ఇక అడగవద్దు. క్వార్టర్స్ నువ్వు ఉండే చోటు కాదు. గంట మోగితే మాకంటే ముందు ఆ గోడల వెనక ఉన్న ఆడవాళ్ళకి తగులుతుంది. మేము పరుగెత్తుతాం కాబట్టి మాకు తెలియదు. వాళ్ళు ఉన్నచోటే ఉండాలి. నువ్వు అమ్మ దగ్గర ఉండు. అక్కడ నిద్ర పడుతుంది.

అమ్మకి ఏమీ చెప్పకు.

యావ్


ఎన్సుటెం,
మొదటి వాన పడ్డ రోజు

మావారికి,

అత్తకి ఏమీ చెప్పకు అని రాశారు. ఏం చెప్పకూడదో రాయలేదు. నాకేమీ తెలియనప్పుడు ఏం దాచాలి?

ఉత్తరం రాగానే చదివాను. తర్వాత మీ పాత ఉత్తరం తీసి చదివాను. అందులో లారీ ఉంది, నిచ్చెన ఉంది, పొట్ట పెద్దాయన ఉన్నాడు, మీరు ఉన్నారు. ఇందులో ఎవరూ లేరు. రాయించుకున్నారు కాబట్టి అలా ఉందని అనుకుందామంటే, నోటితో చెప్పడం మీకు నాకంటే బాగా వచ్చు.

ఫొటోలు చూశాను. ఒకదాంట్లో కుడి చెంప కనిపిస్తోంది. రెండోదాంట్లో కూడా కుడి చెంపే. ఎడమ పక్క కత్తెరతో కోసినట్టుంది. నా ఆడపడుచు, అదే మీ అక్క, దాన్ని వెలుతురులో పట్టుకుని చూసి, ఆ పక్కన ఎవరో నిలబడి ఉన్నారు, అందుకే కోశాడు అంది. నగరంలో ఉన్న మొగవాడికి గది దొరక్కపోవడం అంటే గది నిండిపోయిందని అర్థమట. అత్త ఆమెను కేకలేసింది. నేను ఎప్పటిలా చీపురు పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, ఊడ్చిన చోటే ఊడ్చాను.

అడగడానికి నాకు సిగ్గుగా ఉంది. అయినా అడుగుతున్నాను. మీ ఎడమ పక్కన ఎవరున్నారు?

ఉంటే రాయండి. మన వాళ్ళలో అది లేనిది కాదు, నేను చచ్చిపోను. కానీ నేను రోజూ సాయంత్రం తాహిరు అన్న బస్సు వచ్చేవేళకి ముఖం కడుక్కుంటున్నాను. అవసరం లేకపోతే మానేస్తాను.

అఫ్రకోమా


కుమాసి,
మార్చి

అఫ్రకోమాకి,

నా ఎడమ పక్కన ఎవరూ లేరు. ఇది నా చేతిరాతే, చూసుకో.

ఇంతకంటే ఇప్పుడు రాయలేను. అంపాంసా గారు మా ఫొటోలతో పెద్ద పోస్టర్లు అచ్చు వేయిస్తున్నాడు, బజారంతా అంటిస్తాడట. మనిషికొకటి. వద్దంటే వినడం లేదు.

ముఖం కడుక్కోవడం మానేయకు.

యావ్


ఎన్సుటెం,
ఈస్టరుకి ముందు శనివారం

యావ్ బడూకి,

ఈ ఉత్తరంలో గౌరవం ఎక్కడైనా తప్పితే, తప్పిందనే అనుకో.

గురువారం కోకో కొనే గుమాస్తా కుమాసి నుంచి వచ్చాడు. తిన్నగా మీ ఇంటి పెద్ద, మీ మేనమామ ఇంటికి వెళ్ళాడు. చంకలో చుట్టిన కాగితం ఉంది. బజారు గోడ మీంచి నీళ్ళు కొట్టి ఊడదీసి తెచ్చాడట. కాసేపటికి అటువైపు నుంచి ఏడుపు లేచింది. అత్త కట్టెల మోపు కింద పడేసి పరుగెత్తింది. నేను వెనక వెళ్ళాను.

ఎర్ర కాగితం. చుట్టూ నల్లటి అంచు. నాలుగు మూలలా దండం పెట్టే చేతులు. పైన పెద్ద అక్షరాలతో, పిలుపు అందుకున్నవాళ్ళు. కింద నీ పేరు. మధ్యలో నీ ఫొటో.

ఇంకేం కావాలి? ఊళ్ళో ప్రతి గోడ మీదా అలాంటి చావు పోస్టర్లే ఉంటాయి, ఒకరు పోగానే ఇంకొకరివి పడతాయి. అత్త నేల మీద పడి దొర్లింది. మీ అక్క నా జడలు విప్పేసింది. ఎవరో చావుకి కప్పుకునే ఎర్ర గుడ్డ తెచ్చి నా భుజాల మీద వేశారు, చాప మీద కూర్చోబెట్టారు. నాకు ఏడుపు రాలేదు.  ఏడవవే, ఏడిస్తే మంచిదే అని ముసలమ్మలు వీపు మీద కొడుతున్నారు. నేను ఒక్కటే అడిగాను, ఆ కాగితం ఇటివ్వండి అని.

ఇచ్చారు. అది ముఖం, యావ్. ఇన్ని నెలల తర్వాత పూర్తి ముఖం, నా వైపే చూస్తూ. కనుబొమలు, నోరు, అన్నీ ఒకేసారి. ఎడమ చెంప చెవి దాకా కాలి ఉంది. కాలి, మానిపోయి, కొత్త చర్మం వేసి, నూనె రాసినట్టు మెరుస్తోంది.

నేను నవ్వాను. పిల్లకి మతి పోయిందన్నారు. అప్పుడు లేచి మీ మేనమామ దగ్గరికి వెళ్ళాను. ఆయన ముందు నేను ఎప్పుడూ నోరు తెరవలేదు, నీకు తెలుసు. ఏం చెప్పానో నాకు సరిగ్గా గుర్తులేదు, తర్వాత అత్త చెప్పింది. చనిపోయినవాడి పోస్టరుకి ఏ ఇంట్లోవాళ్ళయినా కాలిన ముఖం ఇస్తారా, పెళ్ళి చొక్కాలో తీయించుకున్నది వెతికి ఇస్తారు గానీ అన్నానట. పాతిపెట్టే రోజు ఎక్కడ రాశారు, ఏడ్చేవాళ్ళ పేర్లు ఎక్కడున్నాయి, ఇంటి పెద్దగా మీ పేరు ఏది అని ఆయన్ని అడిగానట. పుండు మానిందంటే మనిషి బతికుంటేనే కదా మానింది అన్నానట.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు. తర్వాత గుమాస్తాని చూసి, "నా ఇంటి మనిషి పోతే ఆచారం ప్రకారం ముందు నా దగ్గరికి సారా సీసా పట్టుకుని వచ్చి చెప్పాలి. నాకెవరూ చెప్పలేదు. నాకు చెప్పేదాకా నా ఇంట్లో ఎవరూ చావలేదు" అన్నాడు. ఏడుపు ఆగిపోయింది. ముసలమ్మలు కళ్ళు తుడుచుకుని, ఇంత ఏడ్చాం, దాహానికైనా ఏమన్నా ఇవ్వండి అన్నారు.

ఎర్ర గుడ్డ మడతపెట్టి ఇచ్చేశాను. ఇంటికి వచ్చాక ఏడ్చాను. నువ్వు పోయావని కాదు. నేను ఇక్కడ నీ ఎడమ పక్కన ఇంకో ఆడదాన్ని నిలబెట్టి, దానికి మంచి గుడ్డ కట్టి, తల దువ్వి, రోజూ దానితో పోట్లాడుతున్నాను. అక్కడ నీ చెంప కాలి ఉంది. దానికి ఎవరు మందు రాశారు? రాసేటప్పుడు ఎవరి చెయ్యి పట్టుకున్నావు?

నాకు నిద్ర పడుతుందని రాశావు.

అఫ్రకోమా


కుమాసి,
ఈస్టరు మర్నాడు

అఫ్రకోమా,

మామకి నేను విడిగా రాశాను, సీసా కూడా పంపాను, చావు కబురుకి కాదు, క్షమించమని. అమ్మ కాళ్ళ మీద నా బదులు నువ్వు పడు.

తప్పు అంపాంసా గారిదే, కానీ ఆయన్ని తిట్టలేం. బజారు వెనక అచ్చాపీసువాడు చావు పోస్టర్లు తప్ప ఇంకేవీ వేయడు. ఫైర్ వాళ్ళకి ఎరుపు కావాలి అంటే, ఎరుపుంది అని ఆ చట్రం పెట్టేశాడు. మాటలు అంపాంసా గారివే. గంట మోగితే మేము పిలుపు వచ్చింది అంటాం, రోజూ వింటున్నాడు కదా, దాన్నే రాశాడు. ఆ మాట గోడ మీద చదివితే దేవుడు పిలిచినట్టు ఉంటుందని ఆయనకి తట్టలేదు. జీవితమంతా చావు ఫొటోలు తీసిన మనిషికి తట్టలేదు.

శుక్రవారం పొద్దున మేము లారీ కడుగుతున్నాం. వీధి చివర నుంచి డప్పులు. చూస్తే అసాబీ బజారు ఆడవాళ్ళు, అందరూ ఎరుపూ నలుపూ కట్టుకుని, చేతులు తల మీద పెట్టుకుని ఏడుస్తూ వస్తున్నారు. ముందు టమాటాల సందు పెద్దమ్మ, మామే డుఫీ అనే ఆవిడ. గొంతు చించుకుని మా పేర్లు పిలుస్తోంది. గోడ మీద చదివి నేర్చుకున్న పేర్లు. అంతకు ముందు మాలో ఒక్కడి పేరూ ఆమెకు తెలియదు. గేటు లోపలికి వచ్చి, చేతుల్లో బకెట్లతో నిలబడ్డ మమ్మల్ని చూసి ఆగిపోయింది.

"మీరు చచ్చిపోలేదా?" అంది.

"ఇంకా లేదమ్మా" అన్నాడు మా ఆఫీసరు.

"మరి మేం తెచ్చిన డ్రింకులు ఎవరు తాగాలి?"

లమీన్ చెయ్యెత్తాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు, ఆమె తిరిగి చూస్తే ఆపేశారు. అంపాంసా గారు లారీ వెనక దాక్కున్నాడు, పొట్ట కనిపిస్తోంది. ఆమె నా దగ్గరికి వచ్చి గడ్డం పట్టుకుని ముఖాన్ని ఎండవైపు తిప్పింది.

"ఇది మా బట్టల సందులోనా?"

అవునన్నాను. కొట్టు పైకప్పు వాసం కూలింది, కింద ఒకావిడ పసిపిల్లతో ఉంది, వాళ్ళని లాగేటప్పుడు తగిలింది, అంతే. ఆమె నా గడ్డం వదిలింది. తర్వాత తన వాళ్ళ వైపు తిరిగి, "నీటి గొట్టం మీద కట్టిన కొట్టు నాదే. పదండి, తీసేద్దాం" అంది. ఏడవడానికి కట్టుకొచ్చిన బట్టల్లోనే వెళ్ళి రేకులు పీకేశారు. మేము వెళ్ళి గొట్టం తిప్పి చూశాం. నీళ్ళు వచ్చాయి. ఆడవాళ్ళందరూ తడిసిపోయారు. అంపాంసా గారు అప్పుడు తీసిన ఫొటో దీంతో ఉంది, ఎడమ పక్క కోయలేదు.

పోస్టర్లు తీయనివ్వడం లేదు ఆమె. ఉండనీ, పేర్లు మర్చిపోతాం అంటోంది.

ఇక నీకు చెప్పాల్సింది. గది ఇచ్చారు. జనవరిలోనే ఇచ్చారు. పైకప్పు కారడం లేదు. నువ్వు రావాలని చాప కూడా కొన్నాను. తర్వాత ఇలా అయింది. అద్దంలో చూసుకుంటే, నువ్వు నా ముఖం చూడకుండా పెళ్ళాడావు, ఇప్పుడు మొదటిసారి చూసేది ఇదా అనిపించింది. మరిచిపోతున్నానని రాశావు. మరిచిపోతే మంచిదేమో, ఇది చూడకుండా పాతది అలాగే పోతుంది అనుకున్నాను. ఆస్పత్రిలో నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. మంచం పట్టె పట్టుకున్నాను.

రమ్మని రాయడం లేదు. గంట గురించి రాసింది నిజం. నువ్వు చూసి నిర్ణయించుకో.

యావ్


మన గది, క్వార్టర్స్,
మధ్యాహ్నం

యావ్‌కి,

ఒకే ఇంట్లో ఉండి ఉత్తరం ఏమిటని నవ్వకు. వచ్చి వారం అయింది, నేను ఊ తప్ప ఏమన్నాను చెప్పు. బస్సు దిగినప్పుడు నువ్వు కుడి చెంప నావైపు పెట్టి నిలబడ్డావు. నేను చుట్టూ తిరిగి అటువైపుకి వచ్చి నడిచాను. ఏదో ఒకటి అంటానని నువ్వు దారంతా ఎదురుచూశావని నాకు తెలుసు. నోటి దాకా వచ్చింది.

నీ ముఖం బాగుంది. ఇది చెప్పడానికి వారం పట్టింది. మెరిసేచోట రాత్రి చెయ్యి వేశాను, నువ్వు నిద్రపోతున్నావనుకున్నాను. ఊపిరి బిగబట్టావు కాబట్టి నిద్రపోవడం లేదని తెలిసింది. అయినా చెయ్యి తీయలేదు.

ఇందాక గంట మోగింది. నువ్వు చెప్పినట్టే ఉంది, ఇక్కడ, రొమ్ముల మధ్య తగిలింది. మీరంతా పరుగెత్తారు. ఒక్క బూటు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని లారీ ఎక్కావు. అంపాంసా గారు కూడా కెమెరా మెడకి తగిలించుకుని ఎక్కాడు. దుమ్ము అణిగింది. నేను గుమ్మంలో అలాగే నిలబడ్డాను.

అప్పుడు లమీన్ వాళ్ళ అక్క లమీసీ పెరట్లోంచి పిలిచింది. ఆడవాళ్ళందరూ రోళ్ళు బయటికి లాగుతున్నారు. వంటవేళ కాదు, మీరు ఇప్పుడే తినివెళ్ళారు. ఇప్పుడు ఫుఫు ముద్దకి దుంపలు దంపడమేమిటని అడిగాను. "కూర్చో. నేను దంపుతాను, నువ్వు పిండి తిప్పు" అంది.

కూర్చున్నాను. రోకలి పైకి లేవగానే చెయ్యి పెట్టి పిండి తిప్పాలి, దిగేలోపు తీయాలి. లమీసీ చాలా వేగంగా దంపుతుంది. మొదట నీ గురించి ఆలోచించాను, రోకలి వేలి అంచుని తాకి పోయింది. ఆమె ఆగలేదు. నావైపు చూసి, "వాడి గురించి తర్వాత, ముందు వేళ్ళు చూసుకో" అంది. అప్పుడు అర్థమైంది వీళ్ళు గంట మోగగానే ఎందుకు రోళ్ళు లాగుతారో. పిండి తిప్పే మనిషికి ఇంకో ఆలోచన కుదరదు. పెరట్లో ఎవరూ మీ పేర్లు ఎత్తలేదు. రోకళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. కుదిరింది, యావ్. నేను చేయగలను.

ఇప్పుడు దంపడం అయిపోయింది. ముద్దలు చేసి మూత పెట్టాం. చేతులు ఖాళీ అయ్యాయి, అందుకే రాస్తున్నాను. మీరు వెళ్ళిన బజారు ఇక్కడికి నాలుగు వీధుల అవతలే, కానీ చేతులు ఖాళీ అయ్యాక నువ్వు మళ్ళీ నేను ఎన్సుటెంలో ఉన్నప్పటంత దూరం వెళ్ళిపోయావు. ఈ దూరం పోయేది కాదనుకుంటాను. అక్కడ నెలలు ఉండేది, ఇక్కడ పూట. పూట అయితే నేను మోయగలను.

దీన్ని తాహిరు అన్న చేతికి ఇవ్వక్కర్లేదు. నీ పళ్ళెం కింద పెడుతున్నాను. ముందు తిను. చదివేటప్పుడు నేను పెరట్లో ఉంటాను, నాకు సిగ్గు. చదివాక పిలువు.

అఫ్రకోమా